పగడం వేడికి నిజంగా అలవాటు పడిందా: దిబ్బ మీద తేల్చుకునే పద్ధతి

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బ 2016లోనూ, మళ్లీ 2017లోనూ వరుసగా తెల్లబారింది. రెండో ఏడాది ఉత్తర భాగంలో పరిశీలించినవారికి ఒక విచిత్రం కనిపించింది. అంతకుముందు ఏడాది ఎంత వేడికి పగడాలు పాలిపోయాయో, అంత వేడి తగిలినా ఈసారి అవి అంతగా పాలిపోలేదు. ఇలాంటి దృశ్యం చూసినప్పుడు «పగడాలు వేడికి అలవాటు పడ్డాయి» అని నివేదికలో రాసెయ్యాలని ఎవరికైనా అనిపిస్తుంది. అందులో కొంత నిజం ఉండవచ్చు. అయితే వేడికి తట్టుకోలేనివన్నీ మొదటి ఏడాదే చచ్చిపోయి, మొండివి మాత్రమే మిగిలినా దిబ్బ బయటికి సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. పగడం ఏమీ మారకుండా, దాని కణాలలో కాపురముండే శైవలం మారినా ఇలాగే కనిపిస్తుంది. మబ్బు పట్టి ఎండ తగ్గినా అంతే. వీటిలో ఏది జరిగిందో దిబ్బ మీదుగా ఈదుకుంటూ వెళ్లి చూసినంత మాత్రాన తెలియదు. దానికి ఒక పద్ధతి కావాలి. సముద్ర జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థులకూ, పరిశోధక బృందాలతో కలిసి డైవింగ్ చేసేవారికీ ఆ పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ముందు మాటల తేడా తెలుసుకోవాలి. తెలుగులో మనం «అలవాటు పడటం» అనే ఒక్క మాటతో చాలా పనులు గడుపుకుంటాం. అరకు కొండల నుంచి వచ్చి రెంటచింతలలో ఉద్యోగంలో చేరిన మనిషి మొదటి వారం ఎండకు విలవిలలాడి, రెండు మూడు వారాలు గడిచేసరికి కాస్త తేరుకుంటాడు. అతని జన్యువులు మారలేదు, శరీరం సర్దుకుంది. ఒక జీవి తన జీవితకాలంలోనే, తన సహజ పరిసరాలలో ఇలా సర్దుకోవడాన్ని అక్లిమటైజేషన్ అంటారు. ప్రయోగశాల తొట్టెలో ఒకే ఒక అంశాన్ని, ఉదాహరణకు ఉష్ణోగ్రతను, మార్చి చూసినప్పుడు కనిపించే సర్దుబాటును అక్లిమేషన్ అంటారు. తరతరాలుగా తట్టుకోగలిగినవి బతికి, వాటి సంతతే పెరగడం వల్ల వచ్చే మార్పు అనుకూలనం. దిబ్బ మీద ఈ మూడూ కలిసే ఉంటాయి కనుక, వాటిని విడదీసి చూడటమే మన పని అంతా.

పగడం ఒంటరి జీవి కాదన్నది కూడా మొదటి నుంచీ గుర్తుంచుకోవాలి. పాలిప్‌లు అనే చిన్న చిన్న జీవులు కలిసి ఒక కాలనీగా సున్నపు గూడు కట్టుకుంటాయి. ఆ పాలిప్‌ల కణజాలంలో చదరపు సెంటీమీటరుకు పది లక్షలకు పైగా సూక్ష్మ శైవలాలు ఉంటాయి, పగడానికి కావలసిన ఆహారంలో అధిక భాగం అవే వండిపెడతాయి. నీరు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, ఆ శైవలాలలో కిరణజన్య సంయోగక్రియ గాడి తప్పి, హాని చేసే ఆక్సిజన్ రూపాలు పోగుపడతాయి. అప్పుడు పగడం వాటిని వదిలించుకుంటుంది. శైవలాలతో పాటు రంగు పోయి, పారదర్శకమైన కణజాలం కింద తెల్లటి సున్నపు గూడు బయటపడుతుంది. దీన్నే తెల్లబారడం, అంటే బ్లీచింగ్, అంటున్నాం. తెల్లబారిన పగడం ఇంకా చచ్చిపోలేదు; ఆకలితో ఉంది. వేడి త్వరగా తగ్గితే శైవలాలు తిరిగి పెరిగి అది కోలుకుంటుంది.

మొదటి పని: వేడిని లెక్కగట్టడం

ఎంత వేడి తగిలిందో తెలియకుండా ఎంత తట్టుకుందో చెప్పలేము. అక్కడి నీటి ఉష్ణోగ్రతల దీర్ఘకాలిక రికార్డు తీసుకుని, పన్నెండు నెలల సగటులలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న నెల సగటును గుర్తించాలి. దానికన్నా 1 డిగ్రీ పైన ఉన్న అంకెను తెల్లబారే హద్దుగా తీసుకుంటారు. ఆ వేడి నెల సగటు 29.5 డిగ్రీలు అనుకుంటే హద్దు 30.5. ఇక వేడి వారాల లెక్క ఇలా వెయ్యాలి: నీరు ఒక వారం పాటు 31 డిగ్రీల దగ్గర ఉంటే, వేడి నెల సగటు కన్నా ఎక్కువైనది 1.5 కనుక ఆ వారానికి 1.5 డిగ్రీ-వారాలు. అదే వేడి నాలుగు వారాలు కొనసాగితే 6 డిగ్రీ-వారాలు. నీరు 30.2 దగ్గర ఎన్ని వారాలు నిలిచినా, ఆ ఎక్కువ 1 డిగ్రీ లోపే కనుక లెక్కలోకి రాదు. గడచిన 12 వారాల మొత్తాన్ని ఇలా కూడుతూ పోవాలి. 4 దాటితే గుర్తించదగినంత తెల్లబారుతుందనీ, 8 దాటితే మరణాలు కూడా మొదలవుతాయనీ అమెరికా సంస్థ నోవా నడిపే కోరల్ రీఫ్ వాచ్ లెక్క. మన దేశపు దిబ్బలకు ఇలాంటి హెచ్చరికలను హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహ సమాచారంతో తయారు చేస్తోంది. అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ అందులోకి వస్తాయి. కృష్ణా గోదావరుల ఒండ్రు, మంచినీరు వచ్చి కలిసే మన తీరం వెంట ఇంత పెద్ద దిబ్బలు ఏర్పడలేదు కనుక, తెలుగు విద్యార్థి ఈ పని చెయ్యాలంటే ఏదో ఒక పడవ ఎక్కి దూరం వెళ్లక తప్పదు.

ఉపగ్రహం చెప్పేది సముద్రపు పై పొర సంగతి. పగడానికి తగిలేది దాని పక్కనున్న నీటి వేడి. అందుకని ప్రతి చోటా పగడాల ఎత్తులోనే టెంపరేచర్ లాగర్ కట్టి, పది పదిహేను నిమిషాలకు ఒకసారి నమోదు చేసేలా పెట్టండి. లోతు తక్కువ చోట లాగర్‌కు నేరుగా ఎండ తగిలితే అది నీటి వేడిని కాక తన వేడిని చెబుతుంది. నా మొదటి సీజన్ అంకెలలో సగం ఇలాగే పనికిరాకుండా పోయాయి. ఒక తెల్లటి ప్లాస్టిక్ పైపు ముక్కకు చిల్లులు పెట్టి అందులో లాగర్‌ను దూర్చితే సరిపోయే సమస్య అది. బయలుదేరే ముందు లాగర్లన్నిటినీ ఒకే బకెట్ నీళ్లలో ఒక పూట ఉంచి, వాటి అంకెలు కలుస్తున్నాయో లేదో చూసుకోవడం మరచిపోవద్దు. సగటు ఒక్కటే చూసుకోవద్దు. రోజులో ఎంత పెరిగి ఎంత తగ్గుతోందో కూడా చూడాలి. ఎందుకో కింద చెబుతాను.

రెండో పని: అవే కాలనీలను మళ్లీ మళ్లీ చూడటం

దిబ్బ మొత్తంలో ఎంత శాతం తెల్లబారిందన్న అంకె ఇక్కడ అంతగా అక్కరకు రాదు, ఎందుకంటే చచ్చినవి ఆ లెక్కలోంచి జారిపోతాయి. ప్రతి కాలనీకి నంబరు బిళ్ల కొట్టి, ఆ నంబరు కాలనీ గతంలో ఏం చేసింది, ఇప్పుడు ఏం చేస్తోంది అని చూడాలి. కాలనీ చచ్చిపోతే ఆ సంగతి అదే వరుసలో రాయాలి, వరుసను చెరిపివేయకూడదు. పాత కాలనీలలో బతికి ఉన్నవే మునుపటికన్నా తక్కువ పాలిపోతేనే అలవాటు అన్న మాట ఎత్తడానికి అర్హత వస్తుంది.

రంగు నమోదుకు క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారి కోరల్‌వాచ్ రంగుల కార్డు చవకైనదీ, నమ్మదగినదీ. అందులో ఒక్కో రంగుకు 1 నుంచి 6 దాకా మెట్లు ఉంటాయి. 1 అంటే పూర్తిగా పాలిపోయినది, 6 అంటే ముదురు. కాలనీ మీద అన్నిటికన్నా లేత చోటునూ, అన్నిటికన్నా ముదురు చోటునూ కార్డు పక్కన పెట్టి కంటితోనే పోల్చి, రెండు అంకెలూ రాయాలి. కొమ్మ పగడాల చివర్లు పెరుగుతున్నప్పుడు సహజంగానే తెల్లగా ఉంటాయి. కొత్తవారు వాటిని చూసి కంగారుపడి 1 అని వేస్తారు. చివర్లను వదిలేసి లేత చోటు వెతకాలి. రెండు మెట్ల తేడా వస్తే లోపలి శైవలాల పరిస్థితి నిజంగా మారినట్టు. కొలిచే మనిషినీ, కొలిచే వేళనూ వీలైనంత వరకు మార్చకండి.

మూడో పని: ఇటువి అటూ, అటువి ఇటూ

ఇక అసలు పరీక్ష. దీన్ని ఇంత స్పష్టంగా చేసి చూపినది అమెరికన్ సమోవాలోని ఓఫూ దీవిలో. అక్కడ దిబ్బకూ ఒడ్డుకూ మధ్య పక్కపక్కనే మడుగులు ఉన్నాయి. ఒక దానిలో నీరు ఆటుపోట్లతో బాగా ఊగిసలాడుతుంది. వేసవిలో పోటు తగ్గిన వేళ 35 డిగ్రీల దాకా వెళ్లి, మళ్లీ చల్లబడుతుంది. పక్క మడుగులో నీరు 32 దాటడం అరుదు. రెండింటిలోనూ బల్లపరుపుగా పెరిగే అక్రోపోరా హయాసింథస్ అనే పగడం ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ పలుంబీ బృందం చల్లటి మడుగులోని కాలనీల ముక్కలను వేడి మడుగులో నాటి, 12 నుంచి 27 నెలల తర్వాత తీసి పరీక్షించింది. ఆ ముక్కలు తమ సొంత మడుగులోనే ఉండిపోయిన తోబుట్టువులకన్నా, అంటే అదే కాలనీ నుంచి తీసిన ముక్కలకన్నా, వేడిని బాగా తట్టుకున్నాయి. అయితే వేడి మడుగులో పుట్టి పెరిగిన వాటిని పూర్తిగా అందుకోలేకపోయాయి. 2014లో వెలువడిన ఈ ఫలితంలో మనకు కావలసిన విభజన అంతా ఉంది: తోబుట్టువుకన్నా ఎక్కువైనంత మేర అలవాటు, స్థానికులకన్నా తక్కువైనంత మేర చాలావరకు జన్యువుల వారసత్వం.

ఈ కిటుకు పనిచెయ్యడానికి కారణం, ఒకే కాలనీ నుంచి తీసిన ముక్కలన్నీ జన్యుపరంగా ఒక్కటే కావడం. జామ చెట్టుకు అంట్లు కట్టి వేరువేరు తోటలలో నాటినట్టే ఇదీను.

మన దేశంలో ఈ పనికి దిగే ముందు ఒక హెచ్చరిక. దిబ్బ కట్టే రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన రక్షణలో ఉన్నాయి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా వేలెడు ముక్క విరిచినా నేరమే. అనుమతి కాగితాలకు నెలలు పడుతుంది కనుక, ఆ పని మొదలుపెట్టాకే మిగతా ప్రణాళిక వేసుకోండి.

అనుమతి వచ్చాక, వేడిలో తేడా ఉన్న రెండు చోట్లా ఒకే జాతి కాలనీలు కనీసం పదేసి ఎంచుకోండి. కొమ్మ విరిగి పక్కన పడి పెరిగిన కాలనీ అసలు కాలనీకి నకలే కనుక, ఎంచుకున్న వాటి మధ్య కనీసం ఐదు మీటర్ల దూరం ఉండాలి. ఒక్కో కాలనీ అంచు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ముక్కలు కొన్ని కత్తెరతో కోయండి. వాటిలో సగం అవతలి చోటుకు పోతాయి, సగం సొంత చోటే ఉంటాయి. అవతలికి పోయేవాటిలాగే సొంత చోట ఉండేవాటినీ కోసి, అదే ఎపాక్సీ జిగురుతో అలాంటి పలకకే అతికించి, అంతే సేపు పడవలో తిప్పి, అప్పుడే నాటాలి. కోత గాయమూ, ప్రయాణమూ ఒక వైపు ముక్కలకే తగిలితే, ఏడాది తర్వాత మీరు కొలిచేది వేడి ప్రభావమో, పడవ ప్రయాణం ప్రభావమో ఎవరూ చెప్పలేరు. ముక్కలను ఎండలో ఆరనివ్వకుండా, మూత పెట్టిన తొట్టెలలో అక్కడి సముద్రపు నీళ్లలోనే ఉంచి, తరచూ నీళ్లు మార్చండి.

రెండు చోట్ల లోతు ఒకటే అయ్యేలా చూసుకోవాలి. లోతులో పెరిగిన పగడం తక్కువ వెలుతురుకు సర్దుకుని ఉంటుంది: దాని శైవలాలలో పత్రహరితం ఎక్కువగా ఉంటుంది, కాలనీ కూడా వెలుతురు పట్టడానికి పళ్లెంలా పరచుకుంటుంది. అలాంటి ముక్కను ఒక్కసారిగా పైకి తెస్తే ఎండకే తెల్లబారి, వేడి మీద నింద పడుతుంది. లోతు మారక తప్పకపోతే, మొదటి రెండు మూడు వారాలు నీడ వల కప్పి, దాన్ని మెల్లమెల్లగా తొలగించాలి.

ఎంతకాలం ఆగాలన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. ఓఫూలోనే అక్రోపోరా నానా అనే మరో జాతి మీద చేసిన తొట్టె ప్రయోగంలో, వారం పది రోజులు ఎక్కువ వేడిలో ఉంచిన ముక్కలు ఆ తరువాతి తీవ్రమైన వేడిని మెరుగ్గా తట్టుకున్నాయి. కాబట్టి సర్దుబాటు మొదలవడానికి ఏళ్లు అక్కరలేదు. కాని దిబ్బ మీద నిలిచే సర్దుబాటు ఏమిటో తెలియాలంటే ఒక వేసవీ, ఒక చలికాలమూ గడవాలి. ఏడాదికి తక్కువ పెట్టుకోవద్దని నా సలహా.

నాలుగో పని: తొట్టెలో వేడి పరీక్ష

తీసిన ముక్కలకు ఒకే రకమైన పరీక్ష పెట్టాలి. పడవ మీద కూడా చెయ్యగలిగేలా 18 గంటలలో ముగిసే ఒక పద్ధతి ఇటీవలి సంవత్సరాలలో బాగా వాడుకలోకి వచ్చింది. నాలుగు తొట్టెలు పెడతారు. ఒకటి అక్కడి వేడి నెల సగటు దగ్గరే ఉంటుంది. మిగతావి దానికన్నా 3, 6, 9 డిగ్రీలు ఎక్కువ. మధ్యాహ్నం మొదలుపెట్టి, మూడు గంటలలో వేడిని మెల్లగా పెంచి, మూడు గంటలు అక్కడే నిలిపి, ఒక గంటలో తిరిగి దించి, రాత్రంతా మామూలు నీటిలో వదిలేస్తారు. ఒక్కో కాలనీ ముక్క ఒకటి చొప్పున నాలుగు తొట్టెలలోనూ ఉండాలి. ఉదయానికి పామ్ ఫ్లోరోమీటరు అనే పరికరంతో శైవలాల కిరణజన్య సామర్థ్యం కొలవాలి. చీకటిలో ఇరవై ముప్పై నిమిషాలు ఉంచాకే కొలవాలి, లేకపోతే అంకె తప్పుగా తక్కువ వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ముక్కకు ఆ అంకె సాధారణంగా 0.6 నుంచి 0.7 మధ్య ఉంటుంది. అది ఏ ఉష్ణోగ్రత దగ్గర సగానికి పడిపోతుందో గీత గీసి చూస్తే, ఆ కాలనీ తట్టుకునే హద్దు ఒకే ఒక్క అంకెగా చేతికొస్తుంది. ముక్కలను పోల్చవలసింది ఆ అంకెతోనే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ప్రయాణపు అలసట తీరాలని ముక్కలను రెండు మూడు వారాలు ఒకే తొట్టెలో ఉంచి, అప్పుడు పరీక్షిస్తారు. వారం పది రోజులలో వచ్చే అలవాటు అంతే వేగంగా పోవచ్చు కూడా. ఆ విశ్రాంతిలోనే మీరు వెతుకుతున్నది కరిగిపోతుంది. అందుకని తీసిన మరునాడే ఒక పరీక్ష పెట్టండి. ముక్కలు సరిపోతే, కొన్నిటిని నెల రోజులు ఒకే నీటిలో ఉంచి రెండో పరీక్ష పెట్టండి. మొదటి దానిలో కనిపించి రెండో దానిలో మాయమైన తేడా తాత్కాలిక సర్దుబాటు. రెండింటిలోనూ నిలిచినది జన్యువులదో, లోతుగా నాటుకున్న జ్ఞాపకానిదో అవుతుంది.

జ్ఞాపకం అన్న మాట అతిశయోక్తి కాదు. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ తీరాన, నీరు తీసినప్పుడు బయటపడే గుండ్రటి కొయెలాస్ట్రియా ఆస్పెరా కాలనీలను బార్బరా బ్రౌన్ ఏళ్ల తరబడి చూశారు. వాటి పడమటి వైపుకు ఎండ ఎక్కువ. 1995లో నీరు వేడెక్కినప్పుడు తూర్పు వైపు తెల్లబారింది, పడమటి వైపు గోధుమ రంగు చెదరలేదు. ఒకే కాలనీ రెండు రంగులలో నిలబడింది. 2000లో కొన్ని కాలనీలను సగం చుట్టు తిప్పి, పడమటి ముఖం తూర్పుకు వచ్చేలా పెట్టారు. పదేళ్లు గడిచి 2010లో మళ్లీ వేడి వచ్చింది. ఒకప్పటి పడమటి ముఖం పదేళ్లుగా తక్కువ ఎండలో ఉన్నా, ఎప్పుడూ తూర్పుకే ఉన్న ముఖాలకన్నా నాలుగు రెట్లు శైవలాలను నిలుపుకుంది. జాతి ఒకటే, ఇప్పటి ఎండ కూడా ఒకటే. తేడా అంతా గతంలో అనుభవించిన ఎండది.

ఐదో పని: ఖ్యాతి ఎవరికి దక్కాలో చూడటం

తట్టుకునే శక్తి పెరిగిందని తేలాక కూడా, అది పగడం గొప్పా, శైవలం గొప్పా అన్నది మిగిలే ఉంటుంది. పరీక్షకు ముందూ తర్వాతా ప్రతి ముక్క నుంచి గోరంత నమూనా తీసి, శైవలాల డీఎన్ఏ చూపించండి. క్లాడోకోపియం అనే శైవల రకం తగ్గి, వేడిని బాగా తట్టుకునే డ్యూరస్డినియం అనే రకం పెరిగి ఉంటే, అద్దెకున్నవారు మారారన్నమాట. అక్రోపోరా మిల్లెపోరాలో ఈ మార్పు 1 నుంచి 1.5 డిగ్రీల అదనపు ఓర్పును ఇచ్చిందని ఆస్ట్రేలియాలో 2006లో చూపారు. దీనికి అద్దె కూడా ఎక్కువే. ఇదే జాతిలో డ్యూరస్డినియం ఉన్న కాలనీలు ప్రయోగశాలలో 29 శాతం, సముద్రంలో 38 శాతం నెమ్మదిగా పెరిగాయని తరువాత కొలిచారు. అందుకే ఓర్పుతో పాటు పెరుగుదలనూ కొలవాలి. ముక్కను సున్నితపు త్రాసుకు వేలాడదీసి నీటిలోనే తూచితే, కణజాలంతో పని లేకుండా సున్నపు గూడు బరువు తెలుస్తుంది. నాటిన రోజు బరువు రాసుకుని ఉంటే మిగతాది తీసివేత లెక్కే.

శైవలం మారకపోతే అప్పుడు పగడం వైపు చూడాలి. ఓఫూ వేడి మడుగులోని పగడాలలో, వేడి రాకముందే కొన్ని రక్షక జన్యువులు మామూలుకన్నా ఎక్కువ స్థాయిలో పనిచేస్తూ కనిపించాయి. వేడికి చెడే ప్రోటీన్లను సరిదిద్దేవి, హానికర ఆక్సిజన్‌ను అణచేవి వాటిలో ఉన్నాయి. గొడుగు విప్పుకునే బయలుదేరినట్టు అనుకోవచ్చు. వేడి రోజూ వచ్చి పోయే చోట ఇది గిట్టుబాటు అవుతుంది. రోజువారీ హెచ్చుతగ్గులను కూడా చూడమని పైన చెప్పింది ఇందుకే: సగటు ఒకటే ఉన్న రెండు చోట్లలో, ఊగిసలాట ఎక్కువ ఉన్న చోటి పగడమే తరచూ గట్టిగా తేలుతుంది.

వేడి ఎక్కిన క్రమం కూడా ముఖ్యమే. నీరు హద్దుకు కాస్త దిగువదాకా పెరిగి, కొన్ని రోజులు చల్లబడి, ఆ తరువాత హద్దు దాటితే పగడం సిద్ధపడి ఉంటుంది. విరామం లేకుండా నేరుగా హద్దు దాటితే ఉండదు. గ్రేట్ బారియర్ రీఫ్‌లో గతంలోని వేడి ఘటనలలో సుమారు మూడు వంతులు మొదటి రకానివని 2016లో వచ్చిన విశ్లేషణ చూపింది. సముద్రపు సగటు మరో అర డిగ్రీ పెరిగితే ఆ మధ్యలోని చల్లటి విరామమే చాలాచోట్ల మాయమవుతుందని కూడా అదే చెప్పింది. కాబట్టి మీ లాగర్ గీతను వేసవి మొత్తానికి గీసి, అందులో ఆ విరామం ఉందో లేదో గుర్తుపెట్టండి. విరామం ఉన్న ఏడాది వచ్చిన ఫలితాన్ని విరామం లేని ఏడాదికి వర్తింపజెయ్యకూడదు.

నివేదిక రాసేటప్పుడు, ఏ అంకె పక్కన పెట్టి ఏ మాట వాడారో చూసుకోండి. తోబుట్టువు ముక్కలు లేకపోతే «తట్టుకున్నాయి» అని మాత్రమే రాయండి. తోబుట్టువులు ఉండి, శైవలం చూడకపోతే «పగడం, శైవలం కలిసి సర్దుకున్నాయి» అనండి. రెండూ చూశాక శైవలం మారలేదని తేలితేనే «పగడం అలవాటు పడింది» అన్న వాక్యం రాయండి, ఎన్ని డిగ్రీల మేరకో పక్కనే వెయ్యండి. చచ్చిన కాలనీల నంబర్లు అదే పట్టికలో ఉండనివ్వండి. పరీక్షకు వాడని ముక్కలను అనుమతి పత్రంలో రాసినట్టు వాటి సొంత చోటే తిరిగి నాటి, పలకలూ, కట్టడానికి వాడిన ప్లాస్టిక్ టైలూ ఒక్కటి కూడా మిగలకుండా ఏరుకుని రండి.